గుంజీలు తీయిస్తే క్యాచ్‌లు రావు: కాలేజీ సాఫ్ట్‌బాల్ కోచ్‌లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లకు, యూనివర్సిటీ మహిళా సాఫ్ట్‌బాల్ జట్లకు శిక్షణ ఇస్తున్న సార్లకు, మేడమ్‌లకు, స్పోర్ట్స్ బోర్డు పెద్దలకు

నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయిని. పిల్లలకు పీఈటీ మేడమ్‌ని. అంతకుముందు డిగ్రీ, బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) కలిపి నాలుగేళ్లు సాఫ్ట్‌బాల్‌లో క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ప్లేయర్‌గా ఆడాను. మా స్కూల్లో బంతి పట్టడం నేర్చుకున్న అమ్మాయిలు పదో తరగతి, ఇంటర్ దాటి మీ కాలేజీలకు వస్తుంటారు. మీ జట్లలో ఆడతారు. సెలవులకు ఊరొచ్చినప్పుడు మా గ్రౌండ్‌కి వచ్చి చిన్న పిల్లలతో రెండు ఇన్నింగ్స్ ఆడి పోతారు. వాళ్లలో ఒకమ్మాయి పోయిన వానాకాలం నాకు ఫోన్ చేసింది.

"మేడమ్, తొడలు రాళ్లలా బిగుసుకుపోయాయి. హాస్టల్ మెట్లు దిగలేకపోతున్నా. మూత్రం డికాక్షన్ రంగులో వస్తోంది. ఎవరికి చెప్పాలో తెలియక మీకు చేశా."

నేను ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కి ఆస్పత్రికి పొమ్మన్నాను. నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు దెబ్బతినకముందే వచ్చింది, అదృష్టం అన్నారట డాక్టరు. తర్వాత మెల్లగా విషయం బయటికి వచ్చింది. సెలవుల తర్వాత క్యాంప్ మొదలైన రెండో రోజు. ప్రాక్టీస్ మ్యాచ్‌లో లెఫ్ట్ ఫీల్డ్‌లో రెండు క్యాచ్‌లు జారిపోయాయి. సార్‌కి కోపం వచ్చింది. జట్టు మొత్తం మూడొందల గుంజీలు తీయాలన్నారు. మధ్యలో ఎవరు ఆగినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఇద్దరు ఆగారు కాబట్టి మూడొందలు ఎన్నయ్యాయో ఎవరికీ లెక్క లేదు. నాకు ఫోన్ చేసిన అమ్మాయి ఆడింది సెకండ్ బేస్‌లో. ఆ క్యాచ్‌లకీ ఆమెకీ సంబంధమే లేదు.

ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. ఆ కోచ్ పేరూ రాయను. ఒక మాట మాత్రం చెప్పాలి, ఆయన దుర్మార్గుడు కాదు. టోర్నమెంటుకి వెళ్లినప్పుడు టీఏ డీఏ రాకపోతే సొంత జేబులోంచి పిల్లలకు అరటిపళ్లు, గుడ్లు కొనిపెట్టే మనిషి. అందుకే ఈ లేఖ ఆయన ఒక్కరికి రాయకుండా మీ అందరికీ రాస్తున్నాను. ఆయన చేసినది ఆయనకు ఎవరో చేసినదే. నాకూ చేశారు. నేనూ చేశాను.

నేను చేసినది ముందు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఎనిమిదో తరగతి అమ్మాయిలు నలుగురు పొద్దుటి ప్రాక్టీసుకి పావుగంట ఆలస్యంగా వచ్చారు. బ్యాట్ రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకుని గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టమన్నాను. ఏడో రౌండులో ఒక పిల్ల వాంతి చేసుకుని కూలబడింది. మధ్యాహ్నం వాళ్లమ్మ వచ్చింది, కూలి పని మధ్యలోంచి, చేతులకు మట్టితోనే. తిడుతుందనుకున్నాను. "పొద్దున ఏమీ తినకుండా వచ్చింది మేడమ్, ఇంట్లో గ్యాస్ అయిపోయింది, అందుకే లేటయింది" అంది, తప్పు తనదే అన్నట్టు. అంతే అని వెళ్లిపోయింది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే నేను మర్చిపోయేదాన్నేమో.

ఇప్పుడు ఆట సంగతికి వద్దాం. మీకు తెలియనిది కాదు, కానీ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడమని మనవి. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌కీ బేస్‌కీ (పరుగులో వరసగా తాకాల్సిన గుర్తులకు) మధ్య 60 అడుగులు, అంటే సుమారు 18.3 మీటర్లు. బంతి కొట్టి నాలుగు బేస్‌లూ చుట్టి ఒక్క ఊపులో హోమ్‌కి వచ్చినా 73 మీటర్లే. ఆటలో ఎవరైనా ఆగకుండా పరిగెత్తే అతి పెద్ద పరుగు అదే, అదీ ఏ సీజన్లోనో ఒకసారి. మిగతాదంతా రెండు మూడు సెకన్ల పని: ఒక్క ఉరుకు, ఒక్క వంగుడు, ఒక్క విసురు, తర్వాత ఇరవై సెకన్ల ఎదురుచూపు. పిచర్, అంటే బంతి వేసే అమ్మాయి, నిలబడే ప్లేట్ బ్యాటర్ ఉండే హోమ్‌కి 43 అడుగుల దూరం. మంచి పిచర్ వేస్తే బంతి అర సెకనులోపే బ్యాటర్ దగ్గర ఉంటుంది. ఇలాంటి ఆట ఆడే పిల్లని నాలుగొందల మీటర్ల ట్రాక్ చుట్టూ ఇరవై రౌండ్లు తిప్పితే ఎనిమిది కిలోమీటర్లు. అంటే హోమ్ నుంచి ఫస్ట్ బేస్‌కి 437 సార్లు పరిగెత్తిన దూరం, కానీ ఆ పరుగుల్లో ఒక్కదాని వేగమూ అందులో ఉండదు. అలసిన కాళ్లతో ఈడ్చుకుంటూ పరిగెత్తడం మాత్రం బాగా వస్తుంది.

నేను క్యాచర్‌ని కాబట్టి ఇంకో మాట కూడా తెలుసు. ఏడు ఇన్నింగ్స్ ముసుగు, చెస్ట్ గార్డ్, లెగ్ గార్డ్స్ వేసుకుని కూర్చుని లేచే పిల్ల మోకాళ్లు ఆ రోజుకి చాలినంత పని చేసే ఉంటాయి. ఓడిన మ్యాచ్ తర్వాత ఆమెతో కప్ప గంతులు వేయించడం దేనికి ఉపయోగమో నాకు ఎవరూ చెప్పలేదు. పిచర్ల గతి ఇంకా అన్యాయం. చెయ్యి కింది నుంచి తిప్పి వేస్తారు కాబట్టి భుజానికి ఏమీ కాదని మనలో చాలామంది గట్టిగా నమ్ముతాం. ఆ మాట నిజం కాదు. ఇలా చెయ్యి గుండ్రంగా తిప్పి వేసే విండ్‌మిల్ పిచింగ్ భుజం మీదా, బైసెప్స్ మీదా వేసే బరువు చిన్నదేమీ కాదు. అయినా జట్టుకి ఒకే పిచర్, రోజుకి రెండు మ్యాచ్‌లు, రాత్రి శిక్షగా పుష్-అప్స్. ఆ అమ్మాయి ఎన్ని బంతులు వేసిందో స్కోర్ షీట్ పక్కన పెన్సిల్ గీతలు పెట్టి లెక్కపెట్టడానికి పైసా ఖర్చు లేదు.

కండిషనింగ్ వద్దని నేను అనడం లేదు. దయచేసి అలా చదవకండి. కష్టపెట్టకుండా జట్టు తయారు కాదు. 18 మీటర్ల ఉరుకులు ఎనిమిది, మధ్యలో పూర్తి విశ్రాంతితో, గ్రౌండర్లకు (నేల మీద దొర్లి వచ్చే బంతులకు) పక్కకు కదిలే డ్రిల్, వారానికి రెండు రోజులు బరువులు, లేదంటే ఇసుక సంచులు, బేస్ స్లైడింగ్. ఇవన్నీ చేస్తే పిల్లలు మంచం ఎక్కగానే నిద్రపోతారు. అయితే ఇవి ముందే కాగితం మీద ఉంటాయి. సోమవారం ఎంత, గురువారం ఎంత అని రాసుకుంటాం. శిక్ష అలా కాదు. దాని మోతాదు మన కోపం ఎంత ఉంటే అంత. ఇంజెక్షన్ ఎన్ని ఎంఎల్ ఎక్కించాలో కోపాన్ని బట్టి తేల్చే డాక్టరు దగ్గరికి మన పిల్లల్ని పంపుతామా?

మా అమ్మాయికి వచ్చిన జబ్బు పేరు రాబ్డోమయోలిసిస్. పేరు పెద్దది, విషయం సులువు. అలవాటు లేని కండరంతో ఒకేసారి హద్దు మీరి పని చేయిస్తే కండరపు కణాలు చిట్లుతాయి. లోపలున్న పదార్థం రక్తంలోకి వచ్చి కిడ్నీలను అడ్డుకుంటుంది. మూత్రం డికాక్షన్ రంగుకి తిరగడం దాని గుర్తు. 2011 జనవరిలో అమెరికాలోని అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో 13 మంది ఆటగాళ్లు ఇదే జబ్బుతో ఆస్పత్రిలో చేరారు. చలికాలం సెలవుల నుంచి రాగానే బరువు భుజాన వేసి వంద స్క్వాట్లు, గడియారం పెట్టి చేయించారు. వాళ్లంతా కొండల్లాంటి కుర్రాళ్లు, చుట్టూ డాక్టర్లు, ట్రైనర్లు. మన పిల్ల చుట్టూ ఎవరున్నారు? రూమ్మేటు ఒకమ్మాయి, చేతిలో నొప్పుల బామ్ డబ్బా.

ఆ రెండు ఘటనల్లోనూ ఉన్న మాట గమనించండి: "సెలవుల నుంచి రాగానే". మన దగ్గర ఇది ప్రమాదవశాత్తు జరిగేది కాదు, పద్ధతే అలా ఉంది. ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్ తేదీలు వస్తాయి, హడావిడిగా సెలెక్షన్స్ పెడతారు, ఆ తర్వాత పది పదిహేను రోజుల క్యాంప్. పరీక్షల వల్లో, పొలం పనుల వల్లో, నెలల తరబడి గ్లవ్ ముట్టని పిల్లలకు పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. ఏడాదిలో తయారవ్వాల్సిన ఒళ్లు ఆ పదిహేను రోజుల్లో తయారవ్వాలి. కోచ్‌కి టెన్షన్, పిల్లలకు టెన్షన్. అలాంటప్పుడు క్యాచ్ జారితే కోపం రాకుండా ఎలా ఉంటుంది? స్పోర్ట్స్ బోర్డు పెద్దలారా, ఇది కోచ్ మీద తోసేసే విషయం కాదు. ప్రొబబుల్స్ జాబితా, అంటే జట్టుకు ఎంపికయ్యే అవకాశం ఉన్నవాళ్ల పేర్లు, రెండు నెలల ముందు ఇస్తే చాలు. పిల్లలు వాళ్ల కాలేజీల్లోనే వారానికి నాలుగు రోజులు మెల్లగా మొదలుపెట్టుకుంటారు. క్యాంప్ మొదటి వారం సగం పనితో నడపమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి.

ఇక ఎండ. ఈ విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదనుకుంటాం, ఎండలో పుట్టిన వాళ్లం కదా. కానీ ఎండలో పుట్టడం వేరు, ఎండలో శిక్షగా పరిగెత్తడం వేరు. ఒంటికి వేడి అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. హాస్టల్ గదిలో ఫ్యాన్ కింద నెల గడిపిన పిల్లకు ఆ అలవాటు పోతుంది, ఆమెది అనంతపురమైనా, రామగుండమైనా. 2018 మే 29న అమెరికాలోని మేరీల్యాండ్ యూనివర్సిటీలో జోర్డాన్ మెక్‌నెయిర్ అనే 19 ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు 110 గజాల పరుగులు వరసగా తీస్తూ వడదెబ్బకు గురయ్యాడు. వెంటనే చల్లటి నీళ్లలో ముంచలేదు. జూన్ 13న చనిపోయాడు. తప్పు మాదేనని ఆ యూనివర్సిటీ తర్వాత బహిరంగంగా ఒప్పుకుంది. పరిగెత్తుతూ పడిపోయిన పిల్ల ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతుంటే, తెలిసీ తెలియని మాటలు మాట్లాడుతుంటే చేయాల్సిన పని ఒకటే: ముందు చల్లబరచాలి, తర్వాతే అంబులెన్స్ ఎక్కించాలి. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా మెడ దాకా ఐసు నీళ్లలో ఉంచాలి. అర గంట లోపు ఒంటి వేడి దిగితే ప్రాణం దక్కుతుంది.

దీనికి లక్షలు అక్కర్లేదు. ఊళ్లో పశువులకు నీళ్లు పెట్టే పెద్ద ప్లాస్టిక్ తొట్టి ఒకటి చాలు. అదీ లేకపోతే లారీ మీద కప్పే పట్టా పరిచి, పిల్లని అందులో పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు ఎత్తి పట్టుకుని, నీళ్లూ ఐసూ పోయడమే. ఐసు ఎక్కడ దొరుకుతుందో ప్రాక్టీసుకి ముందే తెలిసి ఉండాలి. మా గ్రౌండ్‌కి దగ్గర్లో చేపల మార్కెట్ ఉంది. ఐసు కొట్టు నంబరు నా ఫోన్లో ఉంది. మే నెలలో ప్రాక్టీసు పెట్టినప్పుడు ఆయనకు ముందే చెప్పి ఉంచుతాను. ఆయన నవ్వుతాడు, "మీ పిల్లలు చేపలా మేడమ్" అని. పర్వాలేదు.

నీళ్ల గురించి ఒక్క మాటే రాసి వదిలేస్తాను, ఎందుకంటే ఈ రోజుల్లో కూడా ఇది రాయాల్సి రావడమే సిగ్గు. నీళ్లు తాగనివ్వకపోవడం శిక్ష కాదు, నేరం.

తిండి సంగతి దీనికంటే లోతైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మీ ముందు వరసలో నిలబడ్డ పదహారు మందిలో సగానికి పైగా పిల్లలకు రక్తం తక్కువ అనుకోవచ్చు. మీరు "బద్ధకం" అని పిలిచేది చాలాసార్లు అదే. పరిగెత్తమంటే ఆయాసం, బేస్ దగ్గర కళ్లు తిరగడం, మధ్యాహ్నానికి నీరసం. క్యాంప్ మొదలయ్యే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం ఒక్క పూట పని. మా స్కూల్లో చేయిస్తే, నేను రెండేళ్లుగా "సోమరిపోతు" అని తిట్టిన పిల్లకి హిమోగ్లోబిన్ ఎనిమిదే ఉంది. మూడు నెలలు ఐరన్ మాత్రలు, బెల్లం, ఆకుకూర. తర్వాత ఆ పిల్లే జట్టులో అందరికంటే ముందు బేస్ చేరింది. ఆమెకు నేను సారీ చెప్పాను. చెప్పేటప్పుడు బాగా ఇబ్బందిగా అనిపించింది, కానీ చెప్పాను.

ఒళ్లు తగ్గించమని అందరి ముందూ అనడం, బరువు తూచి ఆ అంకె గట్టిగా చదవడం కూడా ఆపాలి. పరిగెత్తినంత తినని అమ్మాయికి ముందు నెలసరి తప్పుతుంది, తర్వాత ఎముకలు బలహీనపడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీనికి ఒక పేరే పెట్టి హెచ్చరిస్తోంది. మన దగ్గర మాత్రం నెలసరి రాకపోతే "పీడ పోయింది, క్యాంప్ హాయిగా గడుస్తుంది" అనుకునే పిల్లలున్నారు. నెలసరి నొప్పితో ఉన్నప్పుడు సార్‌కి చెప్పలేక "జ్వరం" అని అబద్ధం చెప్పి, అబద్ధం చెప్పినందుకు శిక్ష పడ్డ పిల్లని నేనే. జట్టుతో ఒక మహిళా మేనేజర్ ఉండాలి అంటే ప్రయాణంలో కాపలాకి మాత్రమే కాదు, ఇలాంటి మాట చెప్పుకోవడానికి.

ఇంకొకటి. ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే అమ్మాయిలు ఇప్పుడు జట్లలో ఎక్కువవుతున్నారు. పాడేరు, అరకు, భద్రాచలం, ఉట్నూరు వైపు నుంచి. చాలా మంచి చేతులు. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే, వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు. ఆ ప్రాంతాల్లో దాని లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. జబ్బు ఉన్నవాళ్లు వేరు. లక్షణం మాత్రమే మోసేవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు, తమకు ఉందని వాళ్లకే తెలియకపోవచ్చు. కానీ ఆపకుండా, గుక్క తిప్పుకోనివ్వకుండా పరిగెత్తిస్తే వాళ్ల ప్రాణానికే ముప్పు రావచ్చు. 2006లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో డేల్ లాయిడ్ అనే 19 ఏళ్ల కుర్రాడు 100 గజాల పరుగులు పదహారు తీసి కుప్పకూలి, మర్నాడు చనిపోయాడు. అతనికి ఈ లక్షణం ఉంది. ఆ తర్వాతే, 2010 నుంచి, అక్కడి పెద్ద యూనివర్సిటీల క్రీడాకారులకు ఈ పరీక్ష నియమంగా వచ్చింది. మన దేశంలో 2023 జులైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉందా అని అడగండి. అయితే దయచేసి, కార్డు చూసి ఆ పిల్లని జట్టులోంచి తీసేయకండి. తీసేస్తారన్న భయంతోనే చూపించరు. ఆమె ఆడగలదు. మెల్లగా పెంచుకుంటూ పోవాలి, పరుగుకీ పరుగుకీ మధ్య విశ్రాంతి ఇవ్వాలి, ఆపుతానన్నప్పుడు ఆపనివ్వాలి. నాటకాలాడుతోంది అనే మాట ఆమె విషయంలో ఎవరి నోటా రాకూడదు.

మరి క్రమశిక్షణ? "భయం లేకపోతే ఆడపిల్లలు మాట వినరమ్మా" అని నాకు పాఠం చెప్పిన పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ ఒకరు ఉండేవారు, ఇప్పుడు రిటైరయ్యారు. భయం వల్ల పిల్లలు వింటారు, నిజమే. దాంతో పాటే దాచడం కూడా నేర్చుకుంటారు. నా కుడి బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా మడత పడదు. ఒక టోర్నమెంటులో ఫౌల్ టిప్, అంటే బ్యాట్ అంచుకు తాకి వెనక్కి దూసుకొచ్చిన బంతి, తగిలి విరిగింది. చెబితే "సాకులు" అంటారని, జట్టు అంతా రౌండ్లు కొట్టాల్సి వస్తుందని, టేపు చుట్టుకుని ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడాను. ఈ రోజుకీ బోర్డు మీద ఒక పేరా రాస్తే చాక్‌పీసు జారిపోతుంది. నేను చాలా క్రమశిక్షణ గల ప్లేయర్‌నని ఆ ఏడాది నాకు అందరి ముందూ శాలువా కప్పారు.

ఒకరి తప్పుకు అందరికీ శిక్ష వేస్తే జట్టు ఒక్కటవుతుందంటారు. నేను చూసింది వేరు. ఆ రాత్రి హాస్టల్లో క్యాచ్ జారవిడిచిన పిల్లతో ఎవరూ మాట్లాడరు. మర్నాడు బంతి తన వైపు వస్తుంటే ఆమె కాళ్లు ముందుకు కదలవు. క్యాచ్ జారడం తప్పు కాదు, ఆటలో భాగం. దానికి మందు గాల్లోకి లేపి కొట్టిన ఇంకో యాభై బంతులు (ఫ్లై బాల్స్), అంతే. ఆలస్యంగా రావడం, గేర్ మర్చిపోవడం, తోటి పిల్లని కించపరచడం, చెప్పకుండా క్యాంప్ వదిలిపోవడం, ఇవి తప్పులు. వీటికి శిక్ష ఉండాలి, గట్టిగానే ఉండాలి. మొదటి ఇన్నింగ్స్ బెంచ్ మీద కూర్చోబెట్టండి. ఒక మ్యాచ్ ఆడనివ్వకండి. ఆడాలనే ఆశ ఉన్న పిల్లకి బెంచ్ కంటే పెద్ద శిక్ష లేదు, పైగా దానితో ఎవరి కిడ్నీలూ పాడవవు. అయితే ఆ శిక్ష మీ స్టార్ పిచర్‌కి కూడా పడాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది కదా? రౌండ్లు కొట్టించడం మనకు సులువు, ఎందుకంటే దానివల్ల మ్యాచ్ ఓడిపోం.

శిక్షగా పరిగెత్తించడంలో కోచ్‌గా నాకు నచ్చని ఇంకో నష్టం ఉంది. పిల్లలు పరుగుని అసహ్యించుకోవడం మొదలుపెడతారు. మంచి పని చేస్తే "ఈ రోజు రౌండ్లు లేవు, పోండి" అని బహుమతి ఇస్తాం. పరుగు అంటే శిక్ష అని మనమే నేర్పి, తర్వాత సెలవుల్లో ఇంటి దగ్గర పరిగెత్తలేదని మళ్లీ మనమే తిడతాం.

అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నియమాల్లో సీజన్లో వారానికి 20 గంటలకు మించి ప్రాక్టీసు పెట్టకూడదు, వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాలి. వ్యాయామాన్ని శిక్షగా ఎప్పుడూ వాడకూడదని 2019లో వైద్య సంఘాలతో కలిసి ఇచ్చిన సూచనల్లో రాసుకున్నారు. అక్కడంతా బాగుందని కాదు. నేను పైన రాసిన మరణాలు అక్కడివే. తేడా ఏమిటంటే అక్కడ ఒక కాగితం ఉంది, దాన్ని చూపించి పిల్ల అడగగలదు. మన దగ్గర సీనియర్ జూనియర్‌తో గుంజీలు తీయిస్తే దాని పేరు ర్యాగింగ్, 2009 నాటి యూజీసీ నిబంధనల కింద కేసు అవుతుంది. అదే పని కోచ్ చేయిస్తే దాని పేరు ఫిట్‌నెస్.

అడగగలదు అని రాశాను కానీ, మన పిల్లలు ఎందుకు అడగరో మీకూ నాకూ తెలుసు. ఫామ్ త్రీ. ఇంటర్ యూనివర్సిటీ ఆడినట్టు చూపే ఆ సర్టిఫికెట్ మీదే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఆశ. ఇంటి దగ్గర నాన్న, "ఆటలు దేనికి" అని అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల చూపించే కారణం అది. ఆ కాగితం దాకా వెళ్లే దారి మీ చేతుల్లో ఉంది. జట్టులో ఎవరుండాలో మీరే తేలుస్తారు, ఎవరికి ఎన్ని ఇన్నింగ్స్ ఇవ్వాలో మీరే తేలుస్తారు, ఫిర్యాదు వస్తే వినేదీ మీరే. ఇంత అధికారం ఒక్క మనిషి దగ్గర ఉన్నప్పుడు పిల్ల "సరే సార్" అన్నదాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు. అందుకే ఫిర్యాదు వినేది జట్టుతో సంబంధం లేని మనిషి కావాలి. కాలేజీలో ఇంకో డిపార్ట్‌మెంట్ లెక్చరర్ మేడమ్ ఎవరైనా సరే, ఆమె ఫోన్ నంబరు క్యాంప్ మొదటి రోజు పిల్లలందరి దగ్గరా ఉండాలి. జట్టు నియమాలు కూడా అదే రోజు, తెలుగులో, ఒక్క పేజీలో ఇవ్వండి. ఏ తప్పుకు ఏ శిక్షో అందులో ఉండాలి. అందులో లేని శిక్ష ఆ సీజన్లో ఎవరికీ వేయకూడదు. నేను మా స్కూల్లో అలాంటి పేజీ పెట్టాను. మొదటి నెలలోనే ఒక పిల్ల, "మేడమ్, ఇది పేజీలో లేదు" అని నన్నే ఆపింది. ఒళ్లు మండింది. ఆగాను.

మీ కష్టాలు నాకు తెలియవని అనుకోకండి. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్, యోగా డే, ఎన్‌ఎస్‌ఎస్ ర్యాలీ, అన్నిటికీ ఒక్కరే పీడీ. ఫిజియో అనే మాట బిల్లుల్లో కూడా కనిపించదు. రెండు గ్లవ్స్‌తో పదహారు మందిని ఆడించిన రోజులు నాకూ ఉన్నాయి. మీలో చాలామంది కాంట్రాక్టు మీద, జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా పని చేస్తున్నారు. అయినా తెల్లవారుజామున ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉంటున్నారు. మీరు లేకపోతే అనంతపురం, నిజామాబాద్ పల్లెల్లో ఇన్ని ఇళ్లల్లో సాఫ్ట్‌బాల్ గ్లవ్ ఉండేది కాదు. నేను అడిగినవాటిలో డబ్బుతో పని ఉన్నవి ఎన్ని ఉన్నాయో చూడండి: తొట్టి, ఐసు. మిగతావన్నీ కాగితం, పెన్సిలే.

ఫోన్ చేసిన అమ్మాయి ఇప్పుడు బాగానే ఉంది. రెండు నెలలు ఇంటి దగ్గరే ఉండి, పోయిన వారం నుంచి మా గ్రౌండ్‌కి వస్తోంది. మొదటి రోజు కాస్త దూరం నడిచింది, మొన్న నాలుగు ఉరుకులు తీసింది. గ్లవ్‌కి కొబ్బరి నూనె రాసుకుంటోంది. వద్దంటే వినదు, తోలు మెత్తబడి పాడవుతుందే అని చెప్పాను. వచ్చే నెల సెలెక్షన్స్‌కి వెళ్తానంటోంది, మళ్లీ ఆ సార్ దగ్గరికే. డాక్టరు ఇచ్చిన కాగితం పట్టుకుని వస్తుంది. మొదటి రెండు వారాలు ఏ బరువైన పనీ, స్క్వాట్లూ వద్దని, మూత్రం రంగు మారితే వెంటనే ఆస్పత్రికి రావాలని అందులో రాసి ఉంది. ఆ కాగితం చదివాకే ఆమెకు గ్రౌండ్‌లో చోటు చూపించండి సార్. సెకండ్ బేస్ దగ్గర ఆమె చాలా బాగా ఆడుతుంది.

ఇట్లు,
ఒక పాత క్యాచర్, ఇప్పటి పీఈటీ